పీసీబీ వాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు, తర్వాత ఏం చెయ్యాలి?

ప్రశ్న: లాయర్ గారూ, మాది విశాఖ గాజువాక. ఆటోనగర్ దాటాక మా వీధి చివర రేకుల షెడ్డులో బోల్టులకు జింక్ ప్లేటింగ్ (జింక్ పూత) చేస్తారు. రాత్రి పది దాటితే యాసిడ్ ఘాటుకి కిటికీ తియ్యలేం. పసుపు రంగు నీళ్ళు మా గుమ్మం ముందు కాలువలోకే వదిలేస్తున్నారు. బోరు నీళ్ళ రుచి కూడా మారింది. జనవరిలో కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ)లో అర్జీ ఇచ్చాం. ఒకాయన వచ్చి చూసి వెళ్ళారు, అంతే. ఓనరేమో ‘జీవీఎంసీ (విశాఖ కార్పొరేషన్) లైసెన్సు ఉంది, దిక్కున్నచోట చెప్పుకోండి’ అంటున్నాడు. మండలికి మూయించే అధికారం ఉందా? మాకు నష్టపరిహారం వస్తుందా? మేం అద్దెకుంటున్నాం. ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక గృహిణి, గాజువాక

జవాబు: ముందు ఆ లైసెన్సు సంగతి తేల్చేద్దాం అమ్మా. జీవీఎంసీ ఇచ్చేది వ్యాపార లైసెన్సు. ప్లేటింగ్ పనికి అది చాలదు. 1974 నీటి చట్టం 25వ సెక్షను, 1981 గాలి చట్టం 21వ సెక్షను ప్రకారం మండలి దగ్గర విడిగా అనుమతి తీసుకోవాలి. దీన్నే ‘కన్సెంట్’ అంటారు. ఎలక్ట్రోప్లేటింగ్, అంటే ఇలా కరెంటుతో లోహపు పూత వేసే పని, ఎక్కువ కాలుష్యం చేసే ‘రెడ్’ కేటగిరీలో ఉంది. దాని మడ్డి ప్రమాదకర వ్యర్థం కిందకొస్తుంది, దానికి ఇంకో అనుమతి కావాలి. మన జిల్లాల్లో అలాంటి వ్యర్థాలు పంపడానికి పరవాడలో కేంద్రం ఉంది. కాలువలో పారబోసుకునే హక్కు ఎవరికీ లేదు.

ఇక మూయించే అధికారం. ఉంది, గట్టిగానే ఉంది. నీటి చట్టం 33ఎ, గాలి చట్టం 31ఎ సెక్షన్ల కింద మండలి యూనిట్‌ని మూసేయమనొచ్చు, కరెంటు, నీళ్ళు ఆపించొచ్చు. ఆ ఉత్తర్వు కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కి చేరి ఫ్యూజు పీకేస్తే ఓనరు ఆ సాయంత్రమే మండలి ఆఫీసు మెట్ల మీద ఉంటాడు. కానీ మండలి కోర్టు కాదు. అది అనుమతి ఇచ్చే ఆఫీసు, ఇచ్చిన అనుమతిలోని షరతులు అమలవుతున్నాయో లేదో చూసే ఆఫీసు. ‘దుర్వాసన వస్తోంది, చర్య తీసుకోండి’ అని రాసిన అర్జీ ఫైల్లో పడుకుంటుంది. ‘ఫలానా షరతు ప్రకారం నీళ్ళు శుద్ధి చేసి వదలాలి, చెయ్యడం లేదు’ అని రాస్తే దానికి జవాబు చెప్పక తప్పదు.

ఆ షరతులు మీకెలా తెలుస్తాయంటారా? మండలి ఇచ్చిన కన్సెంట్ల రిజిస్టరుని, వాటి వల్ల ఇబ్బంది పడేవాళ్ళెవరైనా చూడొచ్చని నీటి చట్టమే చెబుతోంది. విశాఖ ప్రాంతీయ కార్యాలయానికి వెళ్ళి అడగండి. చూపించకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి: కన్సెంట్ ఉత్తర్వు నకలు, జనవరి తనిఖీ నివేదిక, నమూనా తీసుంటే దాని ఫలితం. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. అసలు కన్సెంటే లేదని తేలితే మీ పని సగం అయిపోయినట్టే.

నమూనా దగ్గరే చాలా కేసులు దెబ్బతింటాయి. మీరు సీసాలో పట్టుకెళ్ళిన పసుపు నీళ్ళు అధికారిని కదిలించడానికి పనికొస్తాయి, కోర్టులో నీటి చట్టం కింద రుజువుగా నిలబడవు. ఆ చట్టం 21వ సెక్షను ప్రకారం మండలి అధికారి అక్కడికక్కడే నోటీసిచ్చి, షెడ్డు మనిషి ఎదుటే నమూనాని రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరి సంతకాలతో ల్యాబుకి పంపాలి. అతను కావాలని తప్పించుకున్నా అధికారి ఒక్కడి సంతకంతో సీలు వెయ్యొచ్చు. ‘షెడ్డు తాళం వేసుంది, తిరిగొచ్చేశాం’ అన్న మాట మన ఊళ్ళో కొత్త కాదు గనక, పని జరిగేది రాత్రి పది తర్వాతే అని, అప్పుడే రమ్మని అర్జీలో గంటలతో సహా రాయండి. ఫోన్లో తీసిన వీడియోలు జతచెయ్యండి. అర్జీ నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. అదే నకలు సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులోనూ ఇవ్వండి.

ఇప్పుడు అసలు తొందర పడాల్సిన విషయం. పరిహారం ఇచ్చే అధికారం మండలికి లేదు. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, నియమాలు రూపొందించుకున్నాక కాలుష్యం చేసినవాళ్ళ దగ్గర మండళ్ళు సొమ్ము వసూలు చెయ్యొచ్చని చెప్పింది. అది పాడైన పర్యావరణాన్ని బాగు చెయ్యడానికి, మీ చేతికొచ్చేది కాదు. మీ పరిహారం కోసం పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి, చెన్నైలోని దాని దక్షిణ బెంచికి వెళ్ళాలి. పరిహారానికి గడువు ఐదేళ్ళు. కాలుష్యం ఆపించమని అడగడానికి మాత్రం, సమస్య మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలే. సరైన కారణం చూపిస్తే ఇంకో అరవై రోజులు. మండలి చుట్టూ తిరుగుతున్నంత మాత్రాన ఈ గడియారం ఆగదు. మీరు అర్జీ ఇచ్చింది జనవరిలో, ఘాటు మొదలైంది అంతకు ముందే అయి ఉంటుంది. లెక్క అక్కణ్ణుంచి వేసుకోండి. పరిహారం అడక్కపోతే ఫీజు వెయ్యి రూపాయలు, అడిగితే అడిగిన మొత్తంలో ఒక శాతం.

ట్రిబ్యునల్ తనంతట తానే కదులుతుందని కూర్చోకండి. 2020 మే 7న విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ అనే విషవాయువు లీకయినప్పుడు మర్నాడే 50 కోట్లు డిపాజిట్ చెయ్యమని ఎల్జీ పాలిమర్స్‌ని ఆదేశించింది నిజమే. అది దేశమంతా చూసిన ప్రమాదం. వీధి చివరి షెడ్డు కోసం మనమే తలుపు తట్టాలి.

అద్దెకున్నా ఫర్వాలేదు, నష్టపోయిన ఎవరైనా వేయొచ్చు. మీ ఇంటి యజమాని కూడా సంతకం పెడితే బోరు పాడైన నష్టం కూడా కలపొచ్చు. ఒకటి మాత్రం ఈ రోజే చెయ్యండి. జింక్‌కి పసుపు మెరుపు రావడానికి క్రోమియం వాడతారు, ఆ నీళ్ళు నేలలోకి దిగి ఉండొచ్చు. బోరు నీళ్ళు ల్యాబులో క్రోమియం పరీక్ష చేయించి రిపోర్టు వచ్చేదాకా తాగొద్దు, వంటకీ వాడొద్దు. ఇంట్లో ఎవరికైనా దగ్గుకి డాక్టరు రాసిన చీటీలు, మందుల బిల్లులు ఉంటే పారెయ్యకండి, పరిహారం లెక్క వాటితోనే మొదలవుతుంది.