పాఠకుల ప్రశ్నలు: రెండు రోజుల్లో అమ్మ వంటల పుస్తకం

ప్రశ్న: మా చెల్లెలు ఆదివారం అమెరికా వెళ్తోంది. అమ్మ చేసే పచ్చళ్లు, పొడుల వివరాలు ఫోన్లో తెలుగులో కొట్టి పెట్టుకున్నాను. చిన్న పుస్తకంగా చేసి చేతికివ్వాలని ఉంది. ఫైలు ప్రింటు షాపుకి పట్టుకెళ్తే ఒత్తులు విడిపోయి, సగం అక్షరాలు డబ్బాలుగా వచ్చాయి. సాఫ్ట్‌వేర్ కొనకుండా రెండు రోజుల్లో అవుతుందా?
- ఒక పాఠకురాలు, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: తప్పకుండా అవుతుందండీ. మన షాపుల్లో తెలుగు పని చాలాచోట్ల అను అనే పాత తరహా ఫాంట్లతో, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్లో నడుస్తుంది. మీరు ఫోన్లో కొట్టింది యూనికోడ్, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నిటికీ ఉమ్మడిగా ఉండే అక్షర పద్ధతి. అది అక్కడ అతకదు. షాపుకి పీడీఎఫ్ మాత్రమే ఇవ్వండి. ఫాంటు అందులోనే ఉండిపోతుంది కాబట్టి ఒక్క ఒత్తూ చెదరదు.

పుస్తకం కూర్చడానికి లిబ్రెఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లోకి ఉచితంగా దిగుతుంది. గూగుల్ ఫాంట్స్ నుంచి వంటల పేర్లకు రామభద్ర, మిగతా రాతకు మండలి దించుకుని ఇన్‌స్టాల్ చేశాకే లిబ్రెఆఫీస్‌లోని రైటర్ తెరవండి. పేజీ ఏ5 (ఏ4లో సగం), లేఅవుట్ మిర్రర్డ్ (ఎదురెదురు పేజీల అంచులు అద్దంలోలా ఉండేది), లోపలి అంచు 18 మిల్లీమీటర్లు, మిగతావి 15. అక్షరం 12 పాయింట్లు. చాలామంది ఆగిపోయేది ఇక్కడే: స్టైల్లో సైజు మార్చినా తెలుగు కదలదు. తెలుగుకి ఫాంటూ సైజూ కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అనే వేరే గడిలో ఉంటాయి. అది కనబడకపోతే టూల్స్, ఆప్షన్స్, లాంగ్వేజెస్‌లోకి వెళ్లి టిక్కు పెట్టండి.

పేజీలు నాలుగు చొప్పున లెక్క కుదరాలి. 16 పేజీలకు 4 ఏ4 కాగితాలు, అట్టకు ఇంకొకటి. 14 పేజీలే వస్తే చివరి రెండు ఖాళీగా వదిలేయండి, చెల్లెలు అక్కడ నేర్చుకున్నవి రాసుకుంటుంది.

అలంకరణ కన్నా కొలతల మీద ఎక్కువ సమయం పెట్టండి. అమ్మ గ్లాసు అమెరికాలో ఉండదు. ఆవపిండి, కారం, ఉప్పు, నూనె అమ్మ చేత్తోనే గ్లాసుతో కొలిపించి, ఒక్కొక్కటీ కాటా మీద పెట్టి గ్రాములు రాయండి. ముఖ్యంగా ఉప్పు. అమ్మ కల్లుప్పు దంచి వేస్తుంటే, అదే గ్లాసుతో అక్కడి సన్న ఉప్పు పోస్తే బరువు ఎక్కువ పడుతుంది, ఆవకాయ ఉప్పు కషాయమవుతుంది. గ్రాముల్లో ఉంటే ఆ బాధ లేదు. ముక్క తడి లేకుండా తుడవడం, మూడో రోజు తిరగకలిపి ఉప్పు చూడడం లాంటివి అమ్మకి అలవాటైపోయి చెప్పడం మరిచిపోతుంది. అడిగి రాయండి.

షాపులో పీడీఎఫ్‌ని అక్రోబాట్‌లో తెరిచి బుక్‌లెట్ పద్ధతిలో (మడిస్తే పేజీలు వరసగా వచ్చేలా), రెండు వైపులా తీయమనండి. కాగితం తిరగడం పొట్టి అంచు వైపు ఉండాలి. పొడుగు అంచు పెడితే వెనక పేజీ తలకిందులవుతుంది. ముందు మామూలు కాగితం మీద ఒక కాపీ తీయించి, మడిచి, 1 నుంచి 16 దాకా తిప్పి చూసుకున్నాకే మంచి కాగితం పెట్టించండి. లోపలికి 100 జీఎస్ఎం (కాగితం మందం చెప్పే లెక్క), అట్టకి 250. అట్టకి లామినేషన్ చేయించి, మడిచేచోట క్రీజింగ్ (మడతకి ముందే నొక్కే గాడి) వేయించాలి. లేకపోతే మడత దగ్గర రంగు పగిలి తెల్లగీత పడుతుంది. మడత మీద రెండు పిన్నులు పొడుగు చెయ్యి స్టాప్లర్‌తో కొట్టించి, చివరన మూడు అంచులూ కటింగ్ మెషీన్లో కోయిస్తే పుస్తకంలా నిలబడుతుంది.

ఇంట్లో ఇంక్‌జెట్ ఉన్నా దాంతో తీయకండి. వంటింట్లో తడిచెయ్యి తగిలితే చాలా ఇంకులు కారిపోతాయి. లేజర్ ప్రింటు నీళ్లకి చెరగదు.

ప్రశ్న: ఇలాంటి పుస్తకమే నాన్నగారి పుట్టినరోజుకి చేస్తున్నాను. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అట్ట మీద మసకగా వచ్చింది. ఎందుకని?
- ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: వాట్సాప్ ఫొటోని కుదించి పంపుతుంది. ఏ5 అట్ట నిండా 300 డీపీఐతో (అంగుళానికి 300 చుక్కలు) రావాలంటే 1748 బై 2480 పిక్సెల్స్ కావాలి. పంపినవాళ్లని అదే ఫొటో డాక్యుమెంట్‌గా పంపమనండి. అసలు ఫొటోయే చిన్నదైతే పెద్దది చేయకండి, 1181 పిక్సెల్స్ వెడల్పున్నది 10 సెంటీమీటర్ల వెడల్పులో శుభ్రంగా వస్తుంది. చుట్టూ తెల్ల అంచు వదిలితే బాగానే ఉంటుంది. పాత పాస్‌పోర్ట్ ఫొటో అయితే ఫోన్‌తో తీయకుండా 600 డీపీఐలో స్కాన్ చేయించండి.