పాఠకుల ప్రశ్నలు: ఆన్‌లైన్‌లో సమాచార హక్కు

ప్రశ్న: ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో నా పింఛను దరఖాస్తు ఏడు నెలలుగా కదల్లేదు. ‘ఎందుకింత ఆలస్యం? బాధ్యుల మీద ఏం చర్య తీసుకుంటారు?’ అని ఆన్‌లైన్‌లో సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. ‘ఇది సమాచారం కిందికి రాదు’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అప్పీలుకు వెళ్లాలా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అప్పీలు వద్దు. ఒళ్లు మండే జవాబే గానీ, చట్టం ముందు నిలుస్తుంది. 2005 నాటి చట్టం సెక్షన్ 2(ఎఫ్) ప్రకారం సమాచారం అంటే ఆఫీసులో అప్పటికే ఉన్న రికార్డు. ‘ఎందుకు’ అంటే అధికారి కొత్తగా సంజాయిషీ రాయాలి. అది ఆయన చెయ్యక్కర్లేదు. అదే సంగతిని కాగితాల రూపంలో అడగండి. ‘ఫలానా తేదీన ఇచ్చిన ఫలానా నంబరు దరఖాస్తు ఏ తేదీన ఏ సీటుకు వెళ్లింది, ఎన్నాళ్లుంది, ఆ సీటులోని అధికారి హోదా ఏమిటి, దాని మీద రాసిన నోట్‌షీటు నకలు, ఇలాంటి దరఖాస్తులకు గడువు పెట్టిన ఉత్తర్వు నకలు.’ ఫైలు ఎవరి బల్ల మీద నిద్రపోయిందో నోట్‌షీటులో, అంటే ఫైలు మీద అధికారులు తమ అభిప్రాయాలు రాసే కాగితంలో, తేదీలు చూస్తే తెలిసిపోతుంది.

ఇక కేంద్ర ప్రభుత్వ సమాచార హక్కు పోర్టల్‌లోని ఫారం సంగతి. ప్రశ్నల పెట్టెలో 3,000 అక్షరాలే పడతాయి. అందులోనూ ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, కామా, చుక్క లాంటి కొద్ది గుర్తులకే చోటు. వర్డ్‌లో రాసి అతికిస్తే కొటేషన్ గుర్తులో, రూపాయి గుర్తో వెంట వచ్చి ఫారం మొరాయిస్తుంది. వాటిని చెరిపేసి ‘రూపాయలు’ అని ఇంగ్లిషు అక్షరాల్లో రాయండి. తెలుగులో రాసే హక్కు చట్టంలో ఉంది, పెట్టెలోనే లేదు! కాబట్టి తెలుగు ప్రశ్నలను పీడీఎఫ్ చేసి జతపరచండి. 1 ఎంబీ దాటకూడదు, ఫైలు పేరులో ఖాళీలు ఉండకూడదు.

ఒక్కటి గుర్తుంచుకోండి, సమాచార హక్కు కాగితం తెచ్చిపెడుతుంది గానీ పని చేయించదు. పని కావాలంటే కేంద్ర ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో విడిగా ఫిర్యాదు పెట్టండి. 2024 మార్గదర్శకాల ప్రకారం దానికి 21 రోజుల గడువు. సరిగా చూడకుండా మూసేస్తే అక్కడే అప్పీలు చేసుకోవచ్చు. రెండూ ఒకేసారి నడిపినా ఇబ్బంది లేదు.

ప్రశ్న: సమాచార హక్కు పోర్టల్‌లో కట్టిన దరఖాస్తు రుసుము రూ.10 ఖాతాలోంచి పోయింది, రిజిస్ట్రేషన్ నంబరు రాలేదు. మళ్లీ కట్టనా?

జవాబు: కట్టొద్దు. బ్యాంకు లెక్క, పోర్టల్ లెక్క సరిపోలాక నంబరు దానంతటదే రావచ్చు. ఒకటి రెండు పనిదినాలు ఆగండి. అప్పటికీ రాకపోతే లావాదేవీ నంబరు, తేదీ రాసి పోర్టల్‌లో ఉన్న సహాయ మెయిల్‌కు పంపండి. నంబరు చేతికొచ్చాక తేదీ రాసుకోండి. 30 రోజుల్లో జవాబివ్వాలి, సెక్షన్ 6(3) కింద వేరే కార్యాలయానికి బదిలీ చేస్తే ఇంకో 5 రోజులు. గడువు దాటినా జవాబు రాకపోతే ఆపై 30 రోజుల్లోగా అదే పోర్టల్‌లో మొదటి అప్పీలు వేయండి. దానికి రుసుము లేదు.

ప్రశ్న: మా పంచాయతీ నిధుల లెక్క అడిగితే కేంద్ర పోర్టల్ నుంచి తిప్పి పంపారు. రుసుము వెనక్కి వస్తుందా? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: రాదు. రాష్ట్రాల దరఖాస్తులను ఆ పోర్టల్ తీసుకోదు. మీ పంచాయతీలోనే పౌర సమాచార అధికారికి తెల్లకాగితం మీద తెలుగులో రాసివ్వండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. గ్రామ స్థాయి కార్యాలయాల్లో దరఖాస్తు రుసుమే లేదు, మండలంలో రూ.5, ఆ పైన రూ.10. చేతికిస్తే మాత్రం రెండో ప్రతి మీద తేదీ, ముద్ర, సంతకం వేయించుకోకుండా వెనక్కి రావద్దు.