రీవైండింగ్ చేయించిన మోటార్ మళ్ళీ మళ్ళీ కాలిపోతుంటే

మూడు ఫేజుల మోటార్ రీవైండింగ్ (కాలిన రాగి తీగ చుట్లు తీసేసి కొత్తవి చుట్టడం) చేయించిన కొద్ది రోజులకే మళ్ళీ కాలిపోయిందని, తప్పు వైండింగ్ చేసినవాళ్లదా, తీగదా అని అడిగారు. రెండూ కావచ్చు. కానీ ఏళ్ల తరబడి మోటార్ల మరమ్మతులో ఉన్నవాడిగా చెబుతున్నాను, నేను విప్పి చూసినవాటిలో ఎక్కువ భాగం బయటి కారణాలతో కాలినవే. ఆ కారణం అలాగే ఉంటే ఎంత మంచి రాగి తీగ వేసినా అంతే సంగతులు. అందుకే పాత వైండింగ్ కోయకముందే మూతలు విప్పి, కాయిల్ చివర్లను మంచి వెలుతురులో చూడండి, ఫొటోలు తీసుకోండి. కోసేశాక ఆధారమే ఉండదు.

స్టార్ కనెక్షన్‌లో (మూడు ఫేజుల కాయిల్స్ చివర్లు ఒకే చోట కలిపేది) రెండు ఫేజుల కాయిల్స్ బొగ్గులా నల్లబడి మూడోది శుభ్రంగా ఉంటే, నడుస్తుండగా ఒక ఫేజు పోయిందన్నమాట. డెల్టాలో (మూడింటినీ త్రిభుజంలా కలిపేది) దీనికి తిరగేసి ఉంటుంది: ఒక ఫేజు కాలి, మిగతా రెండూ బాగుంటాయి. అన్నీ సమానంగా నల్లబడితే ఓవర్‌లోడ్, ఫ్యాన్ గాలి అందకపోవడం, మాటిమాటికీ స్టార్ట్ చేయడం లాంటివి చూడాలి. ఒకే చోట తీగ కరిగి పూసకట్టి, మిగతాదంతా బాగుంటే చుట్ల మధ్య షార్ట్, లేదా స్లాట్ (తీగ కూర్చునే ఇనుప గాడి) అంచున బాడీకి తగలడం. వైండింగ్ పనితనాన్ని అనుమానించాల్సింది ఎక్కువగా ఇక్కడే. డ్రైవ్ (వేగం మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) మీద, పొడవాటి కేబుల్‌తో నడిచే మోటార్లలో వోల్టేజీ స్పైక్‌ల వల్ల కూడా ఇలా అవుతుంది. స్టేటర్ (వైండింగ్ ఉండే, కదలని భాగం) లోపలి ఇనుము మీద రాపిడి గీతలుంటే తిరిగే భాగం దానికి తగులుతోందన్నమాట, ముందు బేరింగ్ సంగతి చూడండి.

ఒక పంపు మోటార్ మీదానిలాగే పదే పదే కాలేది. స్టార్ కనెక్షన్, రెండు ఫేజులు నలుపు. ఫ్యూజులు బాగానే ఉన్నాయి, లైన్‌లో వోల్టేజీ మూడు ఫేజులకీ వస్తోంది. కాంటాక్టర్ (మోటార్‌ని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) విప్పితే ఒక కాంటాక్ట్ మీది వెండి ముక్క అరిగి, గుంటలు పడి, అంచు మాత్రమే తగులుతోంది. చేత్తో నొక్కి మీటరు పెడితే బీప్ వస్తుంది. లోడ్ మీద మాత్రం వేడెక్కి వదిలేస్తుంది. అప్పటికే తిరుగుతున్న మోటార్ వెంటనే ఆగదు, మిగిలిన రెండు ఫేజుల నుంచే ఎక్కువ కరెంట్ లాగుతూ, మూలుగుతూ తిరుగుతుంది. ఓవర్‌లోడ్ రిలే (కరెంట్ ఎక్కువైతే ట్రిప్ అయి మోటార్‌ని ఆపేది) కాపాడాల్సింది. కానీ ఊరికే ట్రిప్ అవుతోందని ఎవరో దాన్ని నేమ్‌ప్లేట్ (మోటార్ మీద వివరాలుండే రేకు) ఆంపియర్ల కంటే బాగా పైకి తిప్పి పెట్టారు. ఈ పని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అది ట్రిప్ అవుతోందంటే ఏదో తేడా ఉందనే కదా!

రిలేను నేమ్‌ప్లేట్ ఆంపియర్లకే పెట్టండి. స్టార్-డెల్టా స్టార్టర్‌లో (స్టార్‌లో మొదలుపెట్టి డెల్టాకి మార్చేది) రిలే మెయిన్ లైన్‌లో కాకుండా వైండింగ్ వైపు ఉంటే నేమ్‌ప్లేట్ ఆంపియర్లలో 0.58 వంతుకే పెట్టాలి. ఇది చాలామంది మర్చిపోతారు. ఫేజ్ ఫెయిల్యూర్ రిలే (ఒక ఫేజు పోతే మోటార్‌ని ఆపేది) కూడా వేయించండి, ఒక రీవైండింగ్ ఖర్చుతో పోలిస్తే అది ఎంతో కాదు.

ఫేజుల మధ్య వోల్టేజీ తేడాను కూడా తేలిగ్గా తీసుకోవద్దు. మోటార్ నడుస్తుండగా మూడు రీడింగులూ తీసి సగటు కట్టండి, సగటు నుంచి ఎక్కువ దూరంగా ఉన్నది ఎంత శాతమో చూడండి. ఆ శాతం వర్గానికి రెట్టింపు వంతున వైండింగ్ వేడి పెరుగుతుందని ఒక అంచనా లెక్క. అంటే 3 శాతం తేడాకి సుమారు 18 శాతం. వైండింగ్ ఉండాల్సిన దానికంటే 10 డిగ్రీలు ఎక్కువ వేడితో నడిస్తే ఇన్సులేషన్ ఆయుష్షు దాదాపు సగమవుతుంది.

మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత బాగుందో కొలిచే మీటరు) గురించి ఒక మాట. సప్లై పూర్తిగా తీసేసి, మోటార్ వైర్లు విప్పి, 500 వోల్టుల మెగ్గర్‌తో ఒక నిమిషం పట్టండి. మామూలు తక్కువ వోల్టేజీ మోటార్‌కి 5 మెగాఓమ్‌ల కంటే తక్కువ వస్తే స్టార్ట్ చేయొద్దు, చాలాసార్లు అది తేమే, ఆరబెడితే సరిపోతుంది. కానీ మెగ్గర్ చూపించేది ముఖ్యంగా బాడీకి లీకేజీ. చుట్ల మధ్య షార్ట్ దానికి తెలియదు. దానికి మూడు ఫేజుల రెసిస్టెన్స్‌ను మిల్లీఓమ్ మీటర్‌తో పోల్చాలి, ఖాళీగా నడిపి టంగ్ టెస్టర్‌తో (వైర్ చుట్టూ పట్టి కరెంట్ కొలిచే మీటరు) మూడు ఫేజుల ఆంపియర్లూ చూడాలి. రీవైండింగ్ అయ్యాక ఈ అంకెలు అక్కడే రాయించుకోండి, చుట్ల లెక్క, తీగ గేజ్ పాతవేనని కూడా అడగండి.

కాలిన వైండింగ్ ఇంకా కోయకపోతే రెండు వైపులా ఫొటోలు పెట్టండి. కనెక్షన్ స్టారా డెల్టానా, నేమ్‌ప్లేట్ ఆంపియర్లెన్ని, రిలే ఎంతకి పెట్టి ఉందో కూడా రాస్తే చూసి చెబుతాను.