నెలల బాబుతో కారులో దూర ప్రయాణం... ఒళ్లో పడుకోబెట్టుకుని వెళ్లొచ్చా?

ప్రశ్న: మా బాబుకు నాలుగు నెలలు నిండాయి. తల్లిపాలే ఇస్తున్నాను, బరువు బాగానే పెరుగుతున్నాడు. కొద్దిరోజుల్లో దగ్గరి బంధువుల పెళ్లికి కారులో వెళ్లాలి. ఆగకుండా వెళ్తే తొమ్మిది గంటలు పడుతుంది. రాత్రి బయల్దేరితే బాబు నిద్రపోతాడు, ఇబ్బంది ఉండదని మావారు అంటున్నారు. నేను వెనక సీట్లో కూర్చుని వాడిని ఒళ్లో పడుకోబెట్టుకుంటాను. ఏసీ వేస్తే జలుబు చేస్తుందా? దారిలో ఏడవకుండా నిద్రపట్టే సిరప్ ఏదైనా ఇవ్వొచ్చా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆరోగ్యంగా ఉండి, బరువు సరిగ్గా పెరుగుతున్న నాలుగు నెలల బిడ్డతో కారులో వెళ్లొచ్చు. ఆ విషయంలో టెన్షన్ పడకండి. అయితే మీరు ఏసీ గురించి, సిరప్ గురించి అడిగారు కానీ నాకు కంగారు పుట్టించింది ఒళ్లో పడుకోబెట్టుకుంటానన్న మాట. ముందు దాని గురించే చెబుతాను.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నైనా గుద్దితే, ఆరేడు కిలోల బిడ్డ ఆ క్షణంలో వంద కిలోలకు మించిన బలంతో ముందుకు దూసుకుపోతాడు. ఎంత గట్టిగా పట్టుకున్నా ఏ తల్లి చేతులూ ఆపలేవు. మీ సీటు బెల్టునే బాబుకూ కలిపి పెట్టుకోవడం ఇంకా ప్రమాదం. మీ బరువంతా మధ్యలో ఉన్న బిడ్డ మీద పడుతుంది.

కాబట్టి ముందు బాబు వయసుకు, బరువుకు సరిపోయే బేబీ కార్ సీటు తీసుకోండి. దాన్ని వెనక సీట్లో, బాబు ముఖం కారు వెనకవైపు ఉండేలా బిగించాలి. ఈ వయసులో ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ, మెడ ఇంకా పూర్తిగా నిలవదు. ముందుకు తిరిగి ఉంటే సడన్ బ్రేక్ పడినప్పుడు భారమంతా మెడ మీదే పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు కలిసి సీటుకు ఆనుకుని ఉంటాయి. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో మాత్రం ఇలాంటి సీటు ఎప్పుడూ పెట్టకూడదు. అది విచ్చుకునే వేగానికి బిడ్డ ప్రాణమే పోవచ్చు.

బెల్టు బిగించాక బాబు భుజం దగ్గర ఆ పట్టీని బొటనవేలు, చూపుడువేలితో గిల్లినట్టు పట్టుకుని చూడండి. మడత వేళ్ల మధ్యకు వస్తే ఇంకా వదులుగా ఉన్నట్టే. మందపాటి స్వెటర్ వేసి బెల్టు పెడితే బిగుతుగా ఉన్నట్టు అనిపిస్తుంది కానీ లోపల ఖాళీ ఉండిపోతుంది. పల్చటి బట్టలు వేసి, బెల్టు పెట్టాక నడుము పైదాకా దుప్పటి కప్పండి. ప్రయాణం రోజే కొత్తగా కూర్చోబెడితే గొడవ చేస్తాడు. ఇప్పటి నుంచే దగ్గర్లో తిరిగేటప్పుడు అలవాటు చేయండి.

ఇక రాత్రి ప్రయాణం. నా మాట వింటే మానుకోండి. పసిపిల్లలు సీట్లో నిద్రపోయినప్పుడు తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. అప్పుడు శ్వాసనాళం నొక్కుకుపోతుంది, పైకి చప్పుడు కూడా రాదు. చీకట్లో మీరు గమనించలేరు. అందుకే సీటును, దాంతో వచ్చిన సూచనల్లో ఉన్నంత వెనక్కి వాల్చాలి, పక్కన ఒకరు కూర్చుని చూస్తుండాలి. బాబు నిద్రలో ఉన్నా సరే, కనీసం రెండు గంటలకోసారి కారు ఆపి బయటికి తీయాలి. పైగా బిడ్డతో రాత్రులు సరిగ్గా నిద్రలేని మీవారికి తెల్లవార్లూ డ్రైవింగ్ మంచిది కాదు. తెల్లవారుజామున బయల్దేరండి, పన్నెండు గంటలైనా పడుతుందనుకోండి. వీలుంటే మధ్యలో ఒక రాత్రి ఆగండి.

పాలు కారు ఆపాకే ఇవ్వాలి. గుక్కపట్టి ఏడుస్తున్నాడని బెల్టు తీసి ఒళ్లోకి తీసుకోవాలనిపిస్తుంది. ఐదు నిమిషాలు ఏడ్చినా పర్వాలేదు, సురక్షితమైన చోట బండి ఆపించి అప్పుడు తీయండి. పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చాకే మళ్లీ కూర్చోబెడితే కక్కడం తగ్గుతుంది. ఆరు నెలల వరకు తల్లిపాలు చాలు, వేడిగా ఉన్నా విడిగా నీళ్లు పట్టక్కర్లేదు. ఒకట్రెండుసార్లు ఎక్కువగా పాలివ్వండి. ఆగిన ప్రతిచోటా మీరూ దిగి నాలుగడుగులు వేయండి.

నిద్రపట్టే సిరప్ వద్దు. జలుబు, అలర్జీ మందులు మత్తుగా ఉంటాయని కొందరు ఇస్తుంటారు. ఈ వయసులో అవి ఊపిరినే మందగింపజేయగలవు. వాంతులకూ ముందుజాగ్రత్తగా ఏమీ అక్కర్లేదు, రెండేళ్లలోపు పిల్లలకు ప్రయాణంలో కడుపు తిప్పడం అరుదు.

ఏసీ వేసుకోవచ్చు. జలుబు వచ్చేది వైరస్‌ల వల్ల. గాలి నేరుగా ముఖానికి తగలకుండా చూడండి. చేతులు, పాదాలు చల్లగా ఉండటం మామూలే, మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చెమట పడుతుంటే ఒక పొర బట్ట తీసేయండి. ఎండ పడుతోందని సీటు మీద గుడ్డ కప్పకండి, కిటికీకి తెర పెట్టండి. ఆగి ఉన్న కారులో ఒక్క నిమిషం కూడా బాబును ఒంటరిగా వదలొద్దు. అద్దం కాస్త దించినా లోపల వేడి నిమిషాల్లో పెరిగిపోతుంది.

ప్రయాణం టీకా వేయించిన రోజో, మర్నాడో పెట్టుకోకండి, జ్వరం రావచ్చు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలైతే వాళ్లను చూసే డాక్టర్‌ను అడగకుండా ఇంత దూరం తీసుకెళ్లకూడదు.

ఆరేడు గంటలుగా డైపర్ తడవకపోయినా, మాడు గుంటపడినట్టున్నా, పాలు తాగకపోయినా, లేపినా మత్తుగా ఉన్నా, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా గమ్యం చేరాక చూద్దాంలే అనుకోకండి, వెంటనే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లండి. దారిలో పిల్లల వైద్యం దొరికే ఆసుపత్రులు ఎక్కడెక్కడున్నాయో బయల్దేరే ముందే చూసి, నంబర్లు ఫోన్లో పెట్టుకోండి.