ముందుగా బ్రేకు గురించి రాయి

తమ్ముడూ,

ఉత్తర ఐర్లాండ్‌లోని ఆర్మా రైలు ప్రమాదం మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను, ఒకసారి డ్రాహెడా నుంచి డబ్లిన్ వెళ్తూ రైల్లో, రెండోసారి ఇంటికొచ్చాక పెన్సిల్ పట్టుకుని. నీకు రైళ్లంటే ప్రాణమని ప్రతి లైనులోనూ తెలుస్తోంది, అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు, కాబట్టి ఆ విషయంలో నాకు బెంగ లేదు. కానీ వ్యాసం ఆర్తనాదాలతోనే మొదలైంది. మూడు పేరాలు గడిచినా నాకు తెలిసింది ఒక్కటే, చాలామంది చనిపోయారని. ఎందుకు చనిపోయారో మాత్రం ఎక్కడో నాలుగో పేజీలో "బ్రేకులు ఫెయిలవడంతో" అని రెండు మాటల్లో తేల్చేశావు. నా పెన్సిల్ ఆగింది అక్కడే, ఈ ఉత్తరం కూడా దాని గురించే.

ఆర్మాలో బ్రేకులు ఫెయిలవలేదు తమ్ముడూ. వాటిని ఎలా తయారుచేశారో అలాగే పనిచేశాయి. నేను ఇది మొదటిసారి అర్థం చేసుకున్న రాత్రి నిద్రపట్టలేదు.

1889 జూన్ 12 ఉదయం ఏం జరిగిందో ఒకసారి వరసగా చూడు. మెథడిస్ట్ సండే స్కూల్ పిల్లలు, వాళ్ల అమ్మానాన్నలు, టీచర్లు సముద్రం చూడ్డానికి ఆర్మా నుంచి వారెన్‌పాయింట్ బయల్దేరారు. 15 పెట్టెలు, 900 మందికి పైగా జనం. టికెట్ లేనివాళ్లు ఎక్కకుండా తలుపులకు తాళాలు వేశారు. ఊరు దాటిన కాసేపటికి 75 అడుగులకు ఒక అడుగు చొప్పున లేచే ఎత్తు వస్తుంది, ఆ ఎత్తు పైకొస కొద్ది దూరంలో ఉందనగా ఇంజిన్ ఇక లాగలేక ఆగిపోయింది. వెనకే ఇంకో మామూలు ప్యాసింజరు బండి రావాలి. బండిని రెండు ముక్కలు చేసి, ముందు 5 పెట్టెలను తీసుకెళ్లి పైస్టేషన్‌లో వదిలి, మళ్లీ వచ్చి మిగతా 10 పెట్టెలను తీసుకెళ్దామనుకున్నారు. బండిని విడదీయాలంటే బ్రేకు గొట్టం కూడా విడదీయాలి కదా. ఆ బండికి ఉన్నది మామూలు వ్యాక్యూమ్ బ్రేకు, అంటే డ్రైవరు బ్రేకు వేసినప్పుడే ఇంజిన్ ఆ గొట్టంలోంచి గాలి లాగుతుంది, అప్పుడే చక్రాలకు పట్టు వస్తుంది. గొట్టం ఊడిందంటే ఆ 10 పెట్టెలకూ పట్టు లేనట్టే. మిగిలింది చివర్న గార్డు వ్యాన్‌లో చేత్తో తిప్పే బ్రేకు, చక్రాల వెనక పెట్టిన కొన్ని రాళ్లు. ముందు ముక్క కదలబోతూ కాస్త వెనక్కి జరిగి తగిలింది. రాళ్లు నిలవలేదు.

నీ వ్యాసంలో ఇదంతా ఉండాలి, ఆర్తనాదాలకంటే ముందు ఉండాలి. గొట్టం ఊడితే పట్టు పోతుందని పాఠకుడికి ముందే తెలిసి ఉంటే, ఆ గొట్టం విడదీసే చోటుకి వచ్చేసరికి వాడి గుండె ఆగిపోతుంది. నువ్వు ఒక్క విశేషణం కూడా వాడక్కర్లేదు.

మా నాన్న ఖాజీపేటలో గార్డు. ఆయన వ్యాన్‌లో గోడకు బ్రేకు గొట్టంలో వ్యాక్యూమ్ ఎంతుందో చూపించే ఒక గుండ్రటి గేజి ఉండేది, నేను చిన్నప్పుడు దాన్ని గడియారం అనుకునేవాణ్ణి. ఎవరైనా చైను లాగితే ఆ ముల్లు చప్పున పడిపోయేది, బండి ఆగేది. మనవాళ్లలో చైను లాగితే బండి ఆగుతుందని తెలియనివాడు లేడు, ఎందుకు ఆగుతుందో తెలిసినవాళ్లే తక్కువ. ఆ బ్రేకు ఆటోమేటిక్, గొట్టంలో వ్యాక్యూమ్, అంటే గాలి తీసేసిన ఖాళీ, ఎప్పుడూ పట్టి ఉంచేవాళ్లు, అది పోతే బ్రేకు దానంతటదే పడేది. చైను లాగినా, గొట్టం చిరిగినా, బండి రెండు ముక్కలైనా అంతే. ఆర్మాలో గొట్టం విడిపోతే బ్రేకు పోయింది, నాన్న బండిలో గొట్టం విడిపోతే బ్రేకు పడేది. ఈ ఒక్క తేడా తెలుగు పాఠకుడికి చైను చూపించి చెప్పొచ్చు, ఇంతకంటే దగ్గర దారి నాకు తోచలేదు. వాడుకో, మొహమాటపడకు.

ఇంకో సంగతి కూడా నువ్వు వదిలేశావు. వెనక బండిని ఎందుకు పంపించారు? ఆ లైనులో అప్పుడు బ్లాక్ పద్ధతి, అంటే ముందు బండి ఆ భాగం దాటిందని తెలిశాకే వెనక బండిని వదలడం, లేదు, ఒక బండి వెళ్లాక ఇన్ని నిమిషాలు ఆగి ఇంకోటి వదలడమే. ముందు బండి ఎత్తు మీద ఇరుక్కుపోయిందని ఆర్మా స్టేషన్‌కి తెలిసే మార్గమే లేదు. గడియారాన్ని నమ్మి పంపించారు. కిందికి దొర్లుకుంటూ వచ్చిన ఆ 10 పెట్టెలు ఆ బండికే గుద్దుకున్నాయి. 80 మంది పోయారు, 260 మంది దాకా గాయపడ్డారు, వాళ్లలో మూడో వంతు పిల్లలే. అదే ఏడాది, కొన్ని నెలలు కూడా తిరక్కుండానే, బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది: ప్యాసింజరు బళ్లకు ఆటోమేటిక్ బ్రేకు, బ్లాక్ పద్ధతి, పాయింట్లకూ (బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే కదిలే పట్టాలు) సిగ్నళ్లకూ ఇంటర్‌లాకింగ్ (పాయింట్లు సరిగ్గా ఉంటేనే సిగ్నల్ ఇవ్వగలిగేలా రెండింటినీ ముడిపెట్టడం), మూడూ తప్పనిసరి. ఆ మూడింటి గురించీ రైల్వే ఇన్‌స్పెక్టర్లు ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటూనే ఉన్నారు. ఇది రాసేటప్పుడు నాకిప్పటికీ కోపం వస్తుంది, నీకూ రావాలి.

కానీ ఆ కోపం ఎవరి మీదకి పోతోందో చూసుకో. బండిని విడదీయమన్న రైల్వే గుమాస్తాను నువ్వు "దుర్మార్గుడు" అన్నావు. ఆయన మీద కేసు నడిచింది, మొదటిసారి జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేదు, రెండోసారి నిర్దోషి అని వదిలేశారు. తప్పు చేశాడు, నిజమే. కానీ ఆయన చేతికి ఆ బ్రేకు ఇచ్చిందెవరు? ఆ ఎత్తుకి 15 పెట్టెలు కట్టిందెవరు? ఒక్క మనిషిని తిట్టేస్తే పాఠకుడు అక్కడితో సరిపెట్టుకుని పేజీ తిప్పేస్తాడు.

మాటల సంగతి. నువ్వు అంతటా "బోగీలు" అని రాశావు. మనవాళ్లందరూ అంటారు, నేనూ ఇంట్లో అంటాను, ఇప్పటి బళ్ల గురించైతే పట్టించుకోను. కానీ బోగీ అంటే అసలు పెట్టె కింద చక్రాలుండే బండి చట్రం, 1889లో చాలా పెట్టెలకు అది లేనే లేదు. "పెట్టె" అను, మా నాయనమ్మ వాడిన మాట, ఎంత చక్కగా ఉంటుందో చూడు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. నా మొదటి వ్యాసంలో 800 నంబరు మేవ్ ఇంజిన్ ఇంగ్లండ్‌లో తయారైందని రాసేశాను, అంత పెద్దది ఇక్కడ ఎవరు చేస్తారులే అనుకుని, చూసుకోకుండా. అది 1939లో డబ్లిన్‌లోనే, ఇంచికోర్ వర్క్‌షాపులో తయారైంది. బెల్‌ఫాస్ట్ పక్కన కల్ట్రా మ్యూజియంలో దాని ముందు నిలబడి ఉండగా ఒక పెద్దాయన నాతో మాట కలిపాడు. ఆయన నాన్న ఇంచికోర్‌లో పనిచేశాడట. నేను రాసింది ఆయనకు చెప్పాల్సిన పనే లేదు, తెలుగులో ఉంది కదా, ఆయన ఎప్పటికీ చదవడు. అయినా చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనకుండా, చెయ్యి చాచి ఆ ఆకుపచ్చ రంగు మీద వేళ్లు ఆనించి, "ఇది మా ఊళ్లో చేశారు" అన్నాడు, అంతే. ఇంటికెళ్లగానే దిద్దుబాటు పంపించాను.

ఇక్కడి రైలు పిచ్చోళ్లు ఇలాంటివాళ్లే. ఐరిష్ రైల్వే రికార్డ్ సొసైటీ 1946 నుంచి కాగితాలు, ఫొటోలు దాచిపెడుతోంది. రైల్వే ప్రిజర్వేషన్ సొసైటీ 1964లో మొదలై, వైట్‌హెడ్‌లో ఆవిరి ఇంజిన్లను బతికిస్తోంది, చేసేవాళ్లలో చాలామంది జీతం లేకుండా ఆదివారాలు ధారపోసేవాళ్లే. వెళ్లి మాట్లాడు. నీకు ఇంజిన్ నంబర్లు తెలియకపోతే ఎవరూ చిన్నచూపు చూడరు, అడక్కుండా రాస్తేనే బాధపడతారు.

లైన్ల మీద తిరుగు కూడా. ఇక్కడి గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 5 అడుగుల 3 అంగుళాలు, మనది 5 అడుగుల 6 అంగుళాలు, మూడంటే మూడే అంగుళాల తేడా, అందుకేనేమో ఇక్కడి పట్టాలు మొదటిసారి చూసినప్పుడు నాకు పరాయివిగా అనిపించలేదు. బాలీబ్రోఫీ నుంచి లిమరిక్ వెళ్లే లైనులో రోస్‌క్రే దగ్గర ఒకసారి దిగాను. సిగ్నల్ మనిషి ప్లాట్‌ఫాం మీదకొచ్చి డ్రైవరుకి ఒక ఇనప కడ్డీ అందించాడు. ఆ కడ్డీ చేతిలో ఉంటేనే ఆ సింగిల్ లైను మీదకి వెళ్లాలి, ఒకటి బయట ఉండగా రెండోది ఆ మిషన్‌లోంచి రాదు. మా ఖాజీపేట వైపు బంతిలా గుండ్రటి టోకెన్ ఉండేది, తోలు సంచిలో వేసి వెదురు చట్రానికి కట్టి ఇచ్చేవాళ్లు. ఆ కడ్డీ చేతులు మారడం చూస్తుంటే నాకు ఆర్మా గుర్తొచ్చింది. ఆ రోజు గడియారం బదులు ఇలాంటిదేదో ఉండి ఉంటే అనుకున్నాను.

నీ రెండో వ్యాసానికి బట్టెవంట్ ప్రమాదం గురించి రాయి. 1980 ఆగస్టు 1, సెలవుల వారాంతం, డబ్లిన్ నుంచి కార్క్ వెళ్లే బండి మెయిన్ లైను మీద పూర్తి వేగంతో వస్తూ చేత్తో తిప్పే పాయింట్ల మీదుగా సైడింగ్‌లోకి, అంటే బళ్లను పక్కన నిలిపే లైనులోకి, పోయింది. 18 మంది పోయారు. ఇంటర్‌లాకింగ్ అంటే ఏంటో, అది లేకపోతే ఏమవుతుందో ఇందులో వచ్చేస్తుంది. అక్కడ ఆగిపోకు, పెట్టెల దగ్గరికి కూడా వెళ్లు: పాత కొయ్య చట్రాల పెట్టెలు నుజ్జయిపోయాయి, ఆ తర్వాతే 1984 నుంచి మార్క్ 3 ఉక్కు పెట్టెలు వచ్చాయి. మాలహైడ్ ఇప్పుడే వద్దు. 2009 ఆగస్టు 21న అక్కడి రైలు వంతెనలో ఒక ముక్క నీళ్లలోకి కూలింది, దాటుతున్న డ్రైవరు కట్ట కుంగడం చూసి కబురు చేశాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. నవంబరు దాకా మా లైను తెగిపోయింది. నీటి కోత గురించి బాగా చదివాక రాద్దువు గాని.

డొనెగల్ వెళ్తే ఓవెన్‌కారో దగ్గర ఆగు. 1925 జనవరి 30 రాత్రి తుఫాను గాలికి సన్న గేజి బండి పెట్టెలు వంతెన మీద పట్టాలు తప్పాయి, నలుగురు పోయారు. పట్టాలు ఎప్పుడో పోయాయి, రాతి స్తంభాలు మాత్రం లోయలో వరసగా నిలబడి ఉన్నాయి. నేను వెళ్లిన రోజు గాలి పెద్దగా లేదు, అయినా కారు తలుపు తీయడానికి రెండు చేతులూ పెట్టాల్సొచ్చింది. ఆ తలుపు సంగతి నా వ్యాసంలో రాశాను, గాలి గురించి ఇంకేమీ రాయలేదు.

ఆర్మాకి కూడా వెళ్లి రా, వ్యాసం తిరగరాసే ముందే. రైలు లేదు, అక్కడి స్టేషన్ 1957లోనే మూతపడింది, పోర్టడౌన్ దాకా రైల్లో వెళ్లి బస్సెక్కు. ఊళ్లో మాల్ అనే పచ్చిక ఉంటుంది, ప్రమాదానికి 125 ఏళ్లు నిండిన సందర్భంగా అక్కడ ఒక కంచు బొమ్మ పెట్టారు. చిన్నపిల్ల, చేతిలో ఇసుకలో ఆడుకునే బకెట్టు, పార. సముద్రానికి బయల్దేరిన పిల్ల. నీ ఆర్తనాదాల పేరా అంతా తీసేసి, ఆ బకెట్టు ఒక్కటి పెట్టు. ఎక్కడ పెట్టాలో నీకే తెలుస్తుంది, నేను చెప్పను.

మొత్తం వ్యాసం ఇప్పుడే పంపొద్దు. బ్రేకు గురించిన పేరా ఒక్కటి రాసి, రైళ్లంటే ఏమాత్రం పట్టని మీ అమ్మగారికి ఫోన్లో చదివి వినిపించు. ఆవిడ మధ్యలో ఎక్కడైనా "అంటే?" అని అడిగితే ఆ చోట గుర్తు పెట్టుకుని, ఆ గుర్తులతో సహా నాకు పంపు.

ఉంటాను,
అన్నయ్య