పరాసుపేటను ఫ్రెంచిపేట అనవచ్చా?

సందేహం: మచిలీపట్నం గురించి చిన్న పరిచయ పుస్తకం వేస్తున్నాం. ఆ ఊళ్ళోని పరాసుపేట, వలందపాలెం అనే పేటల పేర్లు తప్పుగా ఉన్నాయనీ, ఫ్రెంచిపేట, డచ్చిపాలెం అని దిద్దాలనీ ఒకరన్నారు. ఊరి పేరు బందరు అని రాయాలా, మచిలీపట్నం అనా? తొక్కుడు లడ్డు అన్న మాట వినడానికి బాగోలేదు, మార్చవచ్చా?

సమాధానం: దేన్నీ దిద్దకండి. ఆ పేర్లలో తప్పేమీ లేదు.

ఫ్రెంచివాళ్ళను ఉర్దూలో ఫరాసీసులనేవారు. ఫకారం తెలుగు నోటికి పరాయిది కాబట్టి పకారమైంది, చివర తరిగి 'పరాసు' మిగిలింది. బొబ్బిలి కథలో ఫ్రెంచి సేనాని బుస్సీ దండును పరాసులన్నదీ ఈ మాటతోనే. డచ్చివాళ్ళ దేశం హాలండు. పోర్చుగీసులో దాన్ని హకారం పలక్కుండా 'ఓలాందా' అంటారు. మాట మొదట్లో ఒకారం వస్తే మనం ముందు వకారం చేర్చి పలుకుతాం. 'ఒక'ను 'వొక' అన్నట్టే ఒలంద కాస్తా వొలంద, ఆపైన వలంద. (పోర్చుగీసువాళ్ళనైతే ఏకంగా బుడతకీచులను చేశాం!) ఫ్రెంచిపేట అని దిద్దితే ఈ చరిత్రంతా చెరిగిపోతుంది. పరాశుపేట అని శకారం పెట్టడం మాత్రం నిజంగా తప్పే. అదే ఊళ్ళోని ఇంగ్లీషుపాలెంతో చిక్కే లేదు.

బందర్ పారశీక పదం, రేవు అని అర్థం. మాటలు అచ్చుతో ముగిసే అజంతభాష కనుక తెలుగులో ఉకారం చేరి బందరు అయింది. ఆ లెక్కన 'బందరు పోర్టు' అంటే రేవు రేవు! అయినా వాడుకలో స్థిరపడింది, ఉంచండి. రైల్వే స్టేషను, జిల్లా కేంద్రం అన్నచోట మచిలీపట్నం రాయండి. లడ్డు దగ్గర, విజయవాడలోని బందరు రోడ్డు, బందరు కాలువల దగ్గర బందరే రావాలి. 'మచిలీపట్నం లడ్డు' అంటే ఎవరికీ నోరూరదు. పట్నాన్ని పట్టణం చేయనక్కర్లేదు. మచిలీ అంటే హిందీలో చేప కాబట్టి ఊరికి ఆ పేరు వచ్చిందని ఖాయంగా రాయకండి. గ్రీకు రచయిత టోలెమీ ఈ తీరాన్ని మైసోలియా అన్నాడు. ఆ పోలికను పక్కనపెట్టి చేపతో సరిపెట్టుకోవడం తొందరపాటు.

ఇక తొక్కుడు. ఇక్కడ తొక్కడమంటే కాలితో కాదు, రోకలితో. చింతకాయ తొక్కు, గోంగూర తొక్కు అన్నప్పుడు ఉన్నది ఈ తొక్కే. దంపుడు బియ్యం, వేపుడు కూర ఎలాంటివో తొక్కుడు లడ్డూ అలాంటిదే: ఏ పని చేస్తే ఆ వస్తువు తయారైందో ఆ పని పేరే విశేషణం. శనగపిండిని సన్నపూసగా వత్తి వేయించి, రోట్లో దంచి, జల్లిస్తారు. ఆ పొడిని బెల్లం పాకంలో కలిపి, నెయ్యి పోస్తూ మళ్ళీ దంచుతారు. మొదటి దంపుతో పూస పొడి అవుతుంది, రెండోదానితో పాకం పొడికి పట్టి ముద్ద నున్నబడుతుంది. జల్లెడ సరిగా పట్టకపోతే పలుకులు పంటికి తగులుతాయి. బూందీ లడ్డుకూ దీనికీ తేడా అంతా ఆ రోకట్లోనే ఉంది కనుక, తొక్కుడు తీసేస్తే వంట పద్ధతే పోతుంది. ఏకవచనానికి లడ్డు, లడ్డూ రెండూ సరే. బహువచనానికి లడ్లు, లడ్డూలు. పుస్తకమంతటా ఒకటే పాటించండి.

మీరు అడగకపోయినా ఇంకొకటి. బందరు ప్రముఖుల ఇంటిపేర్లలో 'ఊరు' ఉంటే తరచు 'ఊరి' అవుతుంది. 1902లో మొదలైన కృష్ణా పత్రిక సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు, ముట్నూరు కృష్ణారావు కాదు. భోగరాజు పట్టాభి సీతారామయ్య పేరులో రాజు రాజుగానే ఉంటుంది, 'భోగరాజ' అనకూడదు. పట్టాభి 1923లో స్థాపించింది ఆంధ్రా బ్యాంకు, దీర్ఘంతో. 1910లో ఆయనా, ముట్నూరీ, కోపల్లె హనుమంతరావూ కలిసి పెట్టింది ఆంధ్ర జాతీయ కళాశాల, దీర్ఘం లేకుండా. ప్రూఫులు దిద్దేవారు ఈ రెంటినీ ఒకేలా మార్చేస్తుంటారు, కాస్త కనిపెట్టి ఉండండి.