మీ ప్రశ్నలు: స్టిరాయిడ్ మాత్రలు లేకుండా పెంఫిగాయిడ్ తగ్గుతుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 76 ఏళ్లు, షుగరు ఉంది. ఒళ్లంతా దురద, బిగువైన నీటిబుడగలు. బయాప్సీలో బుల్లస్ పెంఫిగాయిడ్ అని తేలింది. స్టిరాయిడ్ మాత్రలంటే భయంగా ఉంది. వేరే దారి ఉందా?

జవాబు: ఉంది. ముందు ఆయన షుగరు మందుల చీటీ తీసి చూడండి. విల్డాగ్లిప్టిన్, లినాగ్లిప్టిన్ వంటి గ్లిప్టిన్లు ఈ జబ్బును రేపగలవు. ఉంటే మీ అంతట మీరు ఆపకండి, వాటి బదులు వేరేది రాయమని డాక్టరుగారిని అడగండి.

అసలు చికిత్స పూతమందు, క్లోబెటాసాల్ 0.05 శాతం క్రీము. ఇదీ స్టిరాయిడే, కానీ పైపూత. జబ్బు బాగా వ్యాపించినవారిలో స్టిరాయిడ్ మాత్రలు వాడినవారి కంటే ఈ పూత వాడినవారే ఎక్కువమంది బతికారని 2002లో ఫ్రాన్స్ పరిశోధన చూపింది. చాలామంది తప్పేది మోతాదులోనే. తీవ్రతను బట్టి రోజుకు 10 నుంచి 40 గ్రాములు పడుతుంది, అంటే 30 గ్రాముల ట్యూబు ఒక్క రోజులో అయిపోవచ్చు. బుడగ మీద మాత్రమే చుక్క పెడితే పక్కన కొత్తది లేస్తుంది, ఎందుకంటే పైకి బాగున్న చర్మంలోనూ ఈ జబ్బును తెచ్చే, సొంత చర్మం మీదే దాడి చేసే యాంటీబాడీలు ఉంటాయి. జబ్బు విస్తరించి ఉంటే ముఖం వదిలి ఒళ్లంతా రాయాలి. కొత్త బుడగలు ఆగాక 15 రోజులు అలాగే కొనసాగించి, తర్వాత నెలకో మెట్టు చొప్పున రోజూ ఒకసారి, రోజు విడిచి రోజు, వారానికి రెండుసార్లు, ఒకసారి అని తగ్గిస్తారు. ఒక్కసారిగా మానేస్తే తిరగబెడుతుంది. ఇంత క్రీములో కొంత రక్తంలోకీ చేరుతుంది కాబట్టి షుగరు పరీక్షలు మానకండి. చర్మం పలచబడి కమిలినట్టు మచ్చలు పడుతున్నా చెప్పండి.

పూత సరిపోకపోతే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రోజుకు 200 మిల్లీగ్రాములు. 2017లో వెలువడిన పరిశోధనలో ఆరు వారాలకు ఇది 74 శాతం మందిలో, ప్రెడ్నిసొలోన్ అనే స్టిరాయిడ్ మాత్ర 91 శాతం మందిలో పనిచేసింది. ఏడాదిలో తీవ్ర దుష్ఫలితాలు మాత్రం డాక్సీసైక్లిన్‌తో 18 శాతం, ప్రెడ్నిసొలోన్‌తో 36 శాతం. బలం కొంత తక్కువైనా, మీ నాన్నగారి వయసుకు ఇది మంచి బేరమే. గ్లాసు నిండా నీళ్లతో కూర్చుని మింగాలి, వెంటనే పడుకుంటే అన్నవాహిక పుండు పడుతుంది. ఐరన్, కాల్షియం మాత్రలకు రెండు గంటల ఎడం ఉండాలి. డాప్సోన్ అనే మరో మందు రాస్తే ముందు జీ6పీడీ పరీక్ష తప్పనిసరి, ఆ ఎంజైము లోపిస్తే ఎర్రకణాలు పగిలిపోతాయి.

పెద్ద బుడగలను స్టెరైల్ సూదితో అడుగున గుచ్చి నీరు వదలండి. పైపొర ఒలవకండి, అదే పుండుకు కప్పు.

ప్రశ్న: నాకు నోట్లో పుండ్లు, పెంఫిగస్ వల్గారిస్ అన్నారు. ఇవే సరిపోతాయా?

జవాబు: సరిపోవు. ఇది వేరే జబ్బు, ప్రాణాపాయం కూడా. రిటుక్సిమాబ్ అనే మందు 1,000 మిల్లీగ్రాములు రెండు వారాల ఎడంతో రెండుసార్లు ఎక్కించడం వల్ల స్టిరాయిడ్ వాడే కాలం బాగా తగ్గుతుంది. కానీ అది పనిచేయడానికి వారాలు పడుతుంది. ఆలోగా స్టిరాయిడ్ మాత్రలు కాదనకండి. ఎక్కించే ముందు హెపటైటిస్ బి పరీక్ష జరిగిందో లేదో అడిగి తెలుసుకోండి. దాగి ఉన్న ఆ వైరస్ ఈ మందుతో మళ్లీ విజృంభించి కాలేయాన్ని దెబ్బతీస్తుంది.